మ్యాచ్ రోజే ముహూర్తం పడితే: ఆటలాడే పిల్లలున్న ఇంటికి ఒక మార్గదర్శి

పిల్లాడు అండర్-15 బ్యాడ్మింటన్ ఆడుతుంటాడు. మేనత్త కూతురి పెళ్ళి శుభలేఖ వస్తుంది. తీరా చూస్తే ముహూర్తం స్టేట్ టోర్నమెంట్ రెండో రోజునే ఉంటుంది. ఆటను కొంచెం సీరియస్‌గా తీసుకున్న ఏ ఇంట్లోనైనా ఇలాంటి టెన్షన్ వస్తూనే ఉంటుంది. అటు కోచ్, ఇటు అత్తగారు, మధ్యలో ఎవరికీ ఏమీ చెప్పలేక బిక్కమొహం వేసుకున్న పిల్లాడు. ఆ రోజు దగ్గరపడ్డాక ఏ నిర్ణయం తీసుకున్నా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. నెలల ముందే తేల్చుకుంటే మాత్రం ఇందులో చాలా గొడవలు అసలు గొడవలే కావు.

2012లో అక్క పెళ్ళి జరిగినప్పుడు పి.వి. సింధు లక్నోలో సయ్యద్ మోదీ టోర్నమెంట్ ఆడుతోంది. పెళ్ళికి రాలేకపోయింది. అదే సింధు 2024 డిసెంబరు 1న అదే లక్నోలో అదే టోర్నమెంట్ గెలిచి, డిసెంబరు 22న ఉదయ్‌పూర్‌లో పెళ్ళి చేసుకుంది. జనవరి నుంచి టోర్నమెంట్లు వరసగా ఉన్నందువల్ల ఆ రోజులే కుదిరాయని ఇంట్లోవాళ్ళు చెప్పారు. మన ఇళ్ళలో మొదటి సంగతే ఎక్కువగా చెప్పుకుంటారు, రెండోది ఎవరికీ గుర్తు రాదు. "సింధు సొంత అక్క పెళ్ళికే వెళ్ళలేదు" అని పదకొండేళ్ళ పిల్లకు చెప్పి, కాలనీ క్లబ్బు పెట్టిన టోర్నమెంట్ కోసం మేనమామ పెళ్ళి మానిపించడం సరి కాదు. అప్పటికి సింధుకు 17 ఏళ్ళు, అంతర్జాతీయ టోర్నమెంట్లు ఆడుతోంది. ఆటను, వేడుకను కూడా వాటి అసలు స్థాయిలో చూడటమే ఈ పని మొత్తానికి కీలకం.

1. ఉగాదికి కొన్న పంచాంగాన్ని ఆటల క్యాలెండర్ పక్కన పెట్టండి

పెళ్ళిళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు రావు. ఆషాఢం, పుష్యం, భాద్రపదం నెలల్లో సాధారణంగా ముహూర్తాలు పెట్టరు. గురు, శుక్ర మూఢాల్లో పెట్టరు. అధికమాసంలోనూ పెట్టరు. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా ఉంది. అంటే ఆ ఏడు వేసవి సెలవుల్లో ఒక నెల పెళ్ళిళ్ళు లేని నెల. ఆ నెలలో క్యాంపుకు పంపినా, బయటి ఊరు టోర్నమెంట్‌కు ఎంట్రీ వేసినా తేదీలు ఢీకొనే భయం తక్కువ. పెళ్ళిళ్ళు ఒత్తుగా ఉండేవి మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం.

ఇప్పుడు ఆటల వైపు చూడండి. వేసవి సెలవుల్లో క్యాంపులు, ర్యాంకింగ్ టోర్నమెంట్లు ఉంటాయి. అది వైశాఖ, జ్యేష్ఠాల సమయమే. బడులు తెరిచాక స్కూల్ గేమ్స్ మండల స్థాయిలో మొదలై జిల్లా, రాష్ట్ర స్థాయిలకు వెళ్తాయి. ఆపైన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జాతీయ పోటీలు. తేదీలు ఏటా మారతాయి కానీ మొదటి మెట్లు శ్రావణం పెళ్ళిళ్ళతో, పై మెట్లు కార్తీకం పెళ్ళిళ్ళతో తగులుకోవడం మామూలే. నేనైతే ఈ రెండు నెలలకూ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో ముందే చుట్టు గీస్తాను.

తద్దినాల సంగతి వేరు. అవి తిథి ప్రకారం వస్తాయి కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, మధ్యలో అధికమాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది. "పోయిన ఏడు సెప్టెంబరు 20న కదా" అనే లెక్క పనికిరాదు. పంచాంగం చూసి ఆ ఏటి తేదీ రాసుకోండి. తాతయ్య షష్టిపూర్తి, ఇంటి గృహప్రవేశం, ఊళ్ళో అమ్మవారి జాతర కూడా అదే కాగితం మీదకు రావాలి. సంక్రాంతి ఎలాగూ జనవరి 14, 15కే.

అమెరికాలో ఉన్నవాళ్ళకు పంచాంగం కన్నా లాంగ్ వీకెండ్లు ముఖ్యం. మే చివర మెమోరియల్ డే, సెప్టెంబరు మొదట్లో లేబర్ డే వారాంతాల్లోనే సాకర్ టోర్నమెంట్లు ఉంటాయి, తెలుగువాళ్ళ గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు కూడా అప్పుడే పెట్టుకుంటారు. వేసవిలో ఇండియా ప్రయాణం వేసుకునేవాళ్ళు తిరుగు టికెట్ కొనేముందు హైస్కూల్ ట్రైఅవుట్లు (జట్టులోకి ఎంపికలు) ఆగస్టులో ఏ రోజు మొదలవుతాయో చూసుకోవాలి.

2. ఆటలో మళ్ళీ రాని రోజులు ఏవి?

కోచ్‌ను అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు, అది ఆయన పని. ఏది దేనికన్నా ముఖ్యమో మీరే వరస పెట్టుకోవాలి. అన్నిటికన్నా పైన సెలక్షన్ ట్రయల్స్. అవి చాలాసార్లు ఒకే పూట జరుగుతాయి. ఆ పూట లేకపోతే ఆ ఏడాదికి ఆ దారి మూసుకుపోయినట్టే. దాని కింద, ఎంపికై జట్టుతో వెళ్ళాల్సిన రాష్ట్ర, జాతీయ పోటీలు. తర్వాత ర్యాంకింగ్ టోర్నమెంట్లు. ఒకటి పోయినా ఆ ఏడు ఇంకొన్ని ఉంటాయి. ఆ తర్వాత ప్రైవేటు అకాడమీలు, క్లబ్బులు పెట్టే ఓపెన్ టోర్నమెంట్లు. అన్నిటికన్నా కింద రోజువారీ ప్రాక్టీస్.

ఈ వరసకు రెండు సవరణలు ఉన్నాయి. మొదటిది వయసు. బ్యాడ్మింటన్‌లో అండర్-13, 15, 17, 19. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19. ఒక వయసు విభాగంలో మొదటి ఏడు ఆడుతున్న పిల్ల తనకన్నా పెద్దవాళ్ళతో ఆడుతుంటుంది, ఆ ఏడు ఒక టోర్నమెంట్ పోయినా పెద్ద నష్టం లేదు. అదే విభాగంలో ఆఖరి ఏడాదికి బరువు ఎక్కువ. పుట్టిన తేదీ ముందు పెట్టుకుని ఈ లెక్క చూడండి.

రెండోది, ఆట జట్టుదా, ఒక్కరిదా అన్నది. సింగిల్స్ ఆడే పిల్ల రాకపోతే నష్టం ఆమెకే. డబుల్స్ అయితే పార్ట్‌నర్ టోర్నమెంట్ కూడా పోతుంది. కబడ్డీలో, క్రికెట్‌లో, ఖో-ఖోలో ఒకరు ఆఖరి నిమిషంలో మానేస్తే మిగతా పిల్లలందరి మీదా పడుతుంది. జట్టులో పేరు ఇచ్చాక మానడం ఎంట్రీ ఇవ్వకముందే మానడం లాంటిది కాదు. అందుకే ఎంట్రీకి ఆఖరి తేదీ ఎంత ముఖ్యమో, పేరు వెనక్కి తీసుకునే ఆఖరి తేదీ కూడా అంతే ముఖ్యం. రెండూ రాసుకోండి. గడువు దాటాక చెప్పకుండా మానేస్తే కొన్ని ఆటల్లో జరిమానా ఉంటుంది.

3. ఇంట్లో మళ్ళీ రాని రోజులు ఏవి?

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ వేడుకలో ఈ బిడ్డకు పని ఉందా, లేక హాజరు మాత్రమేనా?

అక్క పెళ్ళిలో లాజహోమం వేళ పేలాలు చేతిలో పోయాల్సింది తమ్ముడు. తోడపెళ్ళికూతురుగా కూర్చోబెట్టాలని అనుకున్న చిన్న పిల్ల ఉంటుంది. తన సొంత ఓణీల ఫంక్షన్, తన ఒడుగు ఉంటాయి. తాతయ్య, నాయనమ్మల షష్టిపూర్తికి మనవళ్ళు లేకపోతే ఆ ఫోటో వెలితిగా ఉంటుంది. వీటి విషయంలో నా అభిప్రాయం గట్టిది: తోబుట్టువు పెళ్ళి, తాతయ్య నానమ్మల పెద్ద వేడుక, తన సొంత వేడుక, ఈ మూడింటికీ జిల్లా స్థాయి దాకా ఏ ఆటా అడ్డు రాకూడదు. ఒడుగు, ఓణీల ఫంక్షన్ లాంటి వాటికి ముహూర్తం మనమే పెట్టించుకుంటాం కాబట్టి పురోహితుడి దగ్గరకు వెళ్ళేటప్పుడే ఆటల క్యాలెండర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. "ఈ పది రోజులు తప్ప చూడండి" అంటే ఆయన చూసిపెడతారు.

నాన్న స్నేహితుడి కొడుకు రిసెప్షన్, దూరపు బంధువుల సీమంతం, పక్కింటివాళ్ళ గృహప్రవేశం లాంటివాటికి పెద్దవాళ్ళు వెళ్తే చాలు. వీటికోసం పిల్లల ప్రాక్టీస్ మానిపించనక్కర్లేదు.

మన పెళ్ళిళ్ళలో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. పెళ్ళి ఒక్క రోజు వ్యవహారం కాదు. పసుపు కొట్టడం, పెళ్ళికూతుర్ని చేయడం, స్నాతకం, పెళ్ళి, అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్, పదహారు రోజుల పండగ. అసలు ముహూర్తానికి లేని పిల్లాడు పెళ్ళికూతుర్ని చేసే రోజున పొద్దుట్నుంచి రాత్రిదాకా ఆ ఇంట్లో తిరిగితే, పెళ్ళికి రాలేదన్న లోటు సగం తీరుతుంది. వ్రతం రోజున వచ్చి కొత్త బావగారి పక్కన కూర్చుని భోంచేస్తే మిగతాది కూడా తీరుతుంది. పెళ్ళి రోజు వెయ్యి మందిలో ఆ పిల్లాడు వచ్చాడో లేదో గమనించేవాళ్ళు తక్కువ. ఈ చిన్న సందర్భాల్లో అయితే అందరూ చూస్తారు.

4. తేదీలు కాదు, గంటలు చూడండి

తేదీ ఒకటే కాగానే రెండూ కుదరవని అనుకోవద్దు. ముహూర్తం ఎన్నింటికో అడగండి. జీలకర్ర బెల్లం రాత్రి 9:40కి ఉండి, పిల్ల 400 మీటర్ల హీట్స్ ఉదయం 8 గంటలకు ఉంటే, మధ్యలో పగలంతా ఉంది. విజయవాడలో మ్యాచ్, తెనాలిలో పెళ్ళి అయితే రెండూ హాయిగా అవుతాయి. అదే ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకు, రిపోర్టింగ్ అదే ఉదయం 7 గంటలకు అయితే దూరం దగ్గరైనా కుదరనట్టే. నిద్ర లేని పిల్లాణ్ణి కోర్టులోకి దింపితే ఆట పోవడమే కాదు, మడమ మడతపడే ప్రమాదమూ ఉంటుంది.

ఆటను బట్టి కూడా లెక్క మారుతుంది. లీగ్ పద్ధతిలో ఆడే క్రికెట్‌లో ఏ రోజు ఎవరితోనో ముందే తెలుస్తుంది. అథ్లెటిక్స్‌లో ఏ ఈవెంట్ ఏ పూటో టైమ్‌టేబుల్ ఇస్తారు, తన ఈవెంట్ అయిపోతే పిల్ల బయల్దేరవచ్చు. కష్టమంతా బ్యాడ్మింటన్, టెన్నిస్ లాంటి నాకౌట్ ఆటలతోనే. గెలిస్తే ఇంకో రోజు ఉండాలి, ఓడితే ఇంటికి.

అక్కడే పెద్దవాళ్ళు తెలియకుండా ఒక తప్పు మాట అనేస్తారు: "ఓడిపోతే సాయంత్రానికి పెళ్ళికి వెళ్ళిపోదాంలే." దయచేసి ఈ మాట పిల్లల ముందు అనకండి. ఓడిపోతే అన్నయ్య పెళ్ళి చూడొచ్చు, గెలిస్తే చూడలేను అనే ఆలోచనతో ఏ పిల్లా ఆడలేదు. గెలిచినా దిగులు, ఓడినా అనుమానం. నాకౌట్ టోర్నమెంట్‌కు ఎంట్రీ వేశారంటే ఫైనల్ రోజు దాకా ఆ పిల్ల అక్కడే ఉంటుందని ఇంట్లో అందరూ అనుకోవాలి. ముందే ఓడిపోయి వెళ్ళగలిగితే సరే, కానీ ఆ ప్రణాళిక పెద్దవాళ్ళ మధ్యనే ఉండాలి. అలా ఉండలేని పెళ్ళి అయితే ఎంట్రీ వేయకండి. ఎవరికీ నష్టం లేని నిజాయితీ పని అదే.

ప్రయాణానికి రైలు అనుకుంటే, 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మొదటి రోజే బుక్ చేయాలి. తిరుగు ప్రయాణం ఎప్పుడో తెలియనప్పుడు తత్కాల్ ఉంది: ముందు రోజు ఉదయం ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు. పిల్లల ఆట ఉన్న ఉదయం తత్కాల్ బాధ్యత టోర్నమెంట్ దగ్గర ఉన్నవాళ్ళకు పెట్టకండి, ఇంట్లో ఉన్నవాళ్ళకు అప్పజెప్పండి.

5. బిడ్డను విడిగా కూర్చోబెట్టి అడగండి

తాతయ్య, అత్తయ్య అందరూ ఉన్న గదిలో "ఏరా, పెళ్ళికొస్తావా, ఆటకెళ్తావా?" అని అడగడం వాడిని ఇరకాటంలో పెట్టడమే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రెండువైపులా ఏమేం పోతాయో చెప్పి అడగండి. పదేళ్ళలోపు అయితే నిర్ణయం మీదే, భారం వాళ్ళ మీద పెట్టకండి. పద్నాలుగు దాకా ఇద్దరూ కలిసి తేల్చుకోండి. పదిహేను దాటాక, సొంత తోబుట్టువు పెళ్ళి లాంటిది తప్ప మిగతా వాటిలో వాళ్ళ మాటకే ఎక్కువ విలువ ఇవ్వడం మంచిది.

జవాబు వినేటప్పుడు ముఖం కూడా చూడండి. పెళ్ళి ఉందనగానే "హమ్మయ్య, ప్రాక్టీస్ లేదు" అని ఊపిరి పీల్చుకుంటే ఆ పిల్ల అలసిపోయింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లల వైద్యులు వారానికి కనీసం ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో రెండు మూడు నెలలు, ఆడే ఆట నుంచి విరామం ఉండాలంటారు. మన అకాడమీల్లో పిల్లలకు ఇందులో సగం కూడా దొరకడం కష్టం. అమ్మమ్మగారి ఊళ్ళో పెళ్ళికి నాలుగు రోజులు వెళ్ళడాన్ని ఆ విరామం కింద జమ వేసుకోవచ్చు. అన్ని రోజుల్లో ఫిట్‌నెస్ ఎక్కడికీ పోదు. రెండు వారాలు దాటి ఆపితేనే దమ్ము తగ్గడం కనిపిస్తుంది.

6. చెప్పాల్సినవాళ్ళకు చెప్పండి, ముందే చెప్పండి

ముహూర్తం పెట్టుకున్న వారంలోనే కోచ్‌కు చెప్పాలి. శుభలేఖలు అచ్చయ్యేదాకా ఆగవద్దు. పిల్లలతో చెప్పించవద్దు. తల్లో తండ్రో స్వయంగా ఇలా చెప్పవచ్చు:

"సార్, నమస్తే. మా తమ్ముడి పెళ్ళి మే 8న రాజమండ్రిలో. పాప మే 7, 8, 9 ప్రాక్టీస్‌కు రాదు, 10వ తేదీ ఉదయం నుంచి వస్తుంది. 15న టోర్నమెంట్ ఉంది కాబట్టి ఆ మూడు రోజులూ అక్కడ ఏం చేయించాలో చెప్పండి."

ఆఖరి వాక్యం మర్చిపోవద్దు. సెలవు అడగడం వేరు, పని అడగడం వేరు. కోచ్‌కు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

బంధువులతో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఎవరి వైపు పెళ్ళి అయితే వాళ్ళే ఫోన్ చేయాలి. భర్త అక్క ఇంటి పెళ్ళి సంగతి కోడలు చెప్తే అది వేరే అర్థానికి పోతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టనే వద్దు. తమ్ముడే మాట్లాడాలి:

"అక్కా, పాప ముహూర్తం 14 రాత్రి కదా. చిన్నోడికి 15 పొద్దున్నే కడపలో జిల్లా సెలక్షన్లు పడ్డాయి. ఏడాదికి ఒక్కసారే పెడతారు. నీకు ముందే చెప్పకపోతే బాగుండదని ఫోన్ చేశాను. పెళ్ళికూతుర్ని చేసే రోజు నుంచీ వాడు మీ ఇంట్లోనే ఉంటాడు. 14 పొద్దున్నే నీ మరదలు వాణ్ణి కడప తీసుకెళ్తుంది. నేను పెళ్ళి అయ్యేదాకా నీతోనే ఉంటాను. సెలక్షన్లు అవగానే వాళ్ళిద్దరూ వ్రతానికి వచ్చేస్తారు."

ఇందులో "రాలేడు" అన్నదానికన్నా ఎప్పుడెప్పుడు ఉంటాడన్నదే ఎక్కువ. కోపం వస్తే రానివ్వండి, "మీకు ఆటే ఎక్కువైపోయింది" అంటే ఆ పూటకు మాట పడండి. బావగారి చెవిన కూడా వేయండి. పెళ్ళికి ముందు పనుల్లో చెయ్యి వేసినవాళ్ళ మీద కోపం ఎక్కువ రోజులు నిలవదు.

7. మనుషుల్ని పంచుకోండి

ఎవరి పుట్టింటి వేడుకో వాళ్ళు అక్కడ ఉండాలి, రెండోవాళ్ళు పిల్లతో టోర్నమెంట్‌కు వెళ్ళాలి. పెళ్ళి నాన్న వైపుదైతే, అందులోనూ మేనమామగా చేయాల్సిన పని ఉంటే, పై ఫోన్‌లోలాగా పిల్లతో అమ్మ బయల్దేరాలి. ఇద్దరూ అక్కడ తప్పనిసరైతే, అదే టోర్నమెంట్‌కు వెళ్తున్న తోటి పిల్లల తల్లిదండ్రులను అడగండి. పిల్ల ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, బోనఫైడ్, మందులు, అత్యవసర ఫోన్ నంబర్లు ఒక ఫైల్‌లో పెట్టి వాళ్ళకు ఇవ్వండి. అవతలి పిల్లకు మీరూ అలాగే చేయండి.

ఆడని బిడ్డను మర్చిపోవద్దు. అక్క టోర్నమెంట్ల కోసం తమ్ముడి పుట్టినరోజు మూడేళ్ళుగా హోటల్ గదిలో జరుగుతుంటే ఆ పిల్లాడు ఏమీ అనకపోవచ్చు, కానీ లెక్క పెట్టుకుంటాడు. క్యాలెండర్‌లో తమ్ముడి తేదీలు ముందు రాసి, తర్వాత అక్క టోర్నమెంట్లు రాయండి.

8. పెళ్ళింట్లో ఉన్నన్నాళ్ళూ

షూస్, స్కిప్పింగ్ తాడు, ర్యాకెట్ సంచిలో ఉండాలి. ఊళ్ళో పొద్దున్నే అరగంట పరుగు, పది నిమిషాలు తాడు, స్ట్రెచింగ్ చాలు. వారంలో మ్యాచ్ ఉంటే బరాత్ డీజే ముందు చెప్పులు లేకుండా గంటసేపు ఎగరనివ్వకండి. అరికాలు బొబ్బ ఎక్కితే వారం పాటు సరిగా పరిగెత్తలేరు. మ్యాచ్‌కు ముందు రోజు విందులో అన్నం, పప్పు, పెరుగు తిని, నూనె వస్తువులు తక్కువ తినమనండి. నీళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నవో, సీల్ ఉన్న సీసావో తాగాలి. రాత్రి పదికల్లా పడుకోవడానికి విడిదిలో సందడి లేని గది ఒకటి ముందే అడిగి పెట్టుకోండి.

9. అశుభం జరిగినప్పుడు

దీనికి క్యాలెండర్ ఉండదు. 2020 నవంబరులో మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. జట్టుతోనే ఉండిపోయి, జనవరిలో బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీసి, ఇంటికి రాగానే విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరకు వెళ్ళాడు. అది 26 ఏళ్ళ మనిషి, కోవిడ్ క్వారంటైన్ మధ్య, తనే తీసుకున్న నిర్ణయం. పదమూడేళ్ళ పిల్లాడికి దీన్ని ఆదర్శంగా చూపించకండి. తాతయ్య పోతే ఆట ఆపి ఇంటికి తీసుకురండి. ఆఖరి చూపు చూసే హక్కు పిల్లలకూ ఉంది. మొదటి రోజులు గడిచాక, పెద్దకర్మకు ముందే ప్రాక్టీస్‌కు వెళ్తానంటే వెళ్ళనివ్వండి, కొందరు పిల్లలకు మైదానంలోనే కుదురుగా ఉంటుంది. మైల రోజుల్లో ఆడొచ్చా అన్నది ఇంటి పెద్దలను అడిగి తేల్చుకోండి, ఒక్కో ఇంటి ఆనవాయితీ ఒక్కోలా ఉంటుంది. కోచ్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఎవరూ కాదనరు.

10. తిరిగొచ్చాక

మొదటి రోజు సగం ప్రాక్టీస్, రెండో రోజు ముప్పావు, మూడో రోజు నుంచి మామూలు. పోయిన రోజులు పూడ్చాలని రెట్టింపు చేయించకండి, గాయాలు అప్పుడే అవుతాయి.

వేడుక కోసం ఒక సెలక్షన్ వదులుకుని ఉంటే, రెండో దారి ఉందేమో చూడండి. స్కూల్ గేమ్స్ ఒక దారి. జిల్లా అసోసియేషన్, రాష్ట్ర అసోసియేషన్, జాతీయ ఫెడరేషన్ మరో దారి. చాలా ఆటల్లో ఈ రెండూ వేర్వేరుగా నడుస్తాయి, ఒకదానిలో ఏడాది పోయినా రెండోదానిలో ఎంట్రీ వేయవచ్చు. జిల్లా అసోసియేషన్ సెక్రటరీ నంబరు కోచ్ దగ్గర ఉంటుంది, తర్వాతి టోర్నమెంట్ ఎంట్రీ తేదీ అడిగి ఆ వారంలోనే క్యాలెండర్‌లో రాసుకోండి.